మొటిమలు - మనము చేయు పొరపాటులు



నేడు నేను ముచ్చటింపబోవు విషయము మొటిమలు. ఈ మాట వినగానే మీలో కొందరు, "ఈ ముసలిపంతులునకు మఱియొక విషయము దొరకలేదా? పైరులు లేవా, పురాణములు లేవా?" అని నవ్వుకొనవచ్చును. ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పినంతకాలము నేనును ఈ విషయమును చూచి నవ్వినవాడనే. ఆ నవ్వువలన కలిగిన ఫలితము తెలిసిన పిదపనే ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

ఆ సంగతిని ముందుగా మనవి చేసెదను. పోయిన సంక్రాంతికి నా పాతశిష్యుడొకడు మా యింటికి వచ్చెను. ఇప్పుడాతనికి నలుబదియైదేండ్లుండును, సేద్యము చేసికొనుచున్నాడు. చెంపల నిండ గుంటలు. వెంట పదునాఱేండ్ల కుమారుని తీసికొని వచ్చెను. ఆ పిల్లవాని నుదుటను, చెంపలను, గడ్డమునను ఎఱ్ఱని మొటిమలు. కొన్ని చీముపట్టి యున్నవి. కుశలప్రశ్నలైన తరువాత తండ్రి కొడుకును అరుగుమీదికి పంపి, నా దగ్గఱకు జరిగి, మెల్లగా నిట్లనెను: "మాష్టారూ, చెడుతలంపులున్న వానికే మొటిమలు వచ్చునని మీరు ఆనాడు తరగతిలో చెప్పితిరి గదా. నా సంగతి పోనిండు. మావాడు మంచివాడే యనుకొంటిని. వాడేమి తప్పు చేయుచున్నాడో మీరొకసారి అడిగి చూడవలెను."

నన్ను ఎత్తిపొడుచుటకు ఆతడీ మాట యనలేదు. నిజముగా తెలిసికొనగోరియే యడిగెను. ముప్పదియేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతిలో బ్రహ్మచర్యమును గూర్చి చెప్పుచు, పిల్లలను నవ్వించుటకై ఆతని ముఖమును చూపి నేనన్న మాట యది. తరగతి యంతయు నవ్వెను. గంట మ్రోగకముందే నేను దానిని మఱచితిని. ఆతడు ముప్పదియేండ్లు దానిని నమ్మి మోసెను.

ఆ మాటకు ఆధారమేమియు లేదు. మన ప్రాచీనవైద్యులు సైత మట్లు చెప్పలేదు. సుశ్రుతసంహితలో నిదానస్థానమున క్షుద్రరోగములను వివరించుచోట దీనికి ముఖదూషిక యని పేరు పెట్టి, యువకుల ముఖమున బూరుగుముండ్లవలె పుట్టు పొక్కులనియు, కఫ వాత రక్తములవలన కలుగుననియు చెప్పిరి. యౌవనమును చెప్పిరే కాని శీలమును చెప్పలేదు. క్షుద్రరోగమనగా నీచులకు వచ్చు రోగమని కాదు, చిన్నరోగమని యర్థము. ఈ సంగతి తెలిసియుండియు నేను బడిలో వీథిమాటనే చెప్పితిని.

ఇక నేటి చర్మవైద్యులు చెప్పు క్రమమును వినుడు. మన చర్మమున ప్రతి రోమమునకును సన్నని గుంట యొకటి కలదు. ఆ గుంటలోనికి తెఱచుకొని యొక నూనెగ్రంథి యుండును. దానినుండి ఊరు జిడ్డు చర్మమును ఎండి పగులకుండ కాపాడును. ముఖమునను, వీపునను, ఱొమ్మునను ఈ గ్రంథులు పెద్దవి, దట్టమైనవి. అరచేతులయందును అరకాళ్లయందును లేనేలేవు. కనుకనే అచ్చట మొటిమలు పుట్టవు. దేహము యౌవనమునకు సిద్ధమగు వయస్సున ఆండ్రోజెనులను రసములు రక్తమున హెచ్చును. మగపిల్లలకే కాదు, ఆడపిల్లలకును హెచ్చును. వాని ప్రేరణచేత నూనెగ్రంథులు పెరిగి జిడ్డు ఎక్కువగా ఊరును. అదే సమయమున గుంట లోపలిగోడనుండి రాలిపోవలసిన చర్మపుపొరలు సరిగా రాలక, జిడ్డుతో కలిసి ముద్దయై ద్వారమును మూయును. తూమునకు చెత్త అడ్డుపడినపుడు వెనుక నీరు నిలిచి గట్టు ఉబ్బుట మీరందఱు చూచినదే. ఇదియు నట్టిదే.

ఆ బిరడా మూతి తెఱచియున్నచో గాలి తగిలి నల్లబడును. ఆ నలుపు మురికి కాదు; ఎంత తోమినను పోదు. మూతి మూసికొని యున్నచో ఆవగింజంత తెల్లని పొక్కుగా కనబడును. లోపల నిలిచిన జిడ్డులో క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అను సూక్ష్మజీవి వృద్ధిచెందును. చుట్టును వాపు, ఎఱుపు, చీము కలుగును. ఈ సూక్ష్మజీవి ఎక్కడినుండియో వచ్చినది కాదు, మనయందఱి చర్మముమీదను ఎల్లప్పుడు నుండునదే. కావున మొటిమలు అంటువ్యాధి కావు. మొటిమలున్న పిల్లను ప్రక్కను కూర్చుండనీయని ఇండ్లను నేనెఱుగుదును. అది వట్టి యజ్ఞానము. 12 మొదలు 24 ఏండ్ల ప్రాయములో నూటికి సుమారు 85 మందికి ఎంతో కొంత మొటిమలు వచ్చునని వైద్యుల లెక్క. తల్లికిగాని తండ్రికిగాని మిక్కుటముగా వచ్చియున్నచో బిడ్డలకును వచ్చుట హెచ్చు.

మఱియొక సంగతి. బిరడా ఏర్పడుట మొదలైన కొన్ని వారములకు గాని మొటిమ కంటికి కనబడదు. దీనిని జ్ఞప్తియం దుంచుకొనుడు, మున్ముందు దీనితో పని యున్నది.

మొటిమ లొక్కటియు రాకుండ చేయు మందు లేదు. కాని వచ్చినవి పెచ్చుపెరుగకుండ, నల్లమచ్చలుగను గుంటలుగను మిగులకుండ చూచుకొనుట చాలవఱకు మన చేతిలోనిదే. చెడునంతయు చాలతావుల మన చేతులే చేయుచున్నవి.

చేతులనగా వట్టి మాటకు చెప్పలేదు. అద్దము ముందర నిలుచుండి రెండు వ్రేళ్లతో మొటిమను నొక్కుట పిల్లలకు అలవాటు. తల్లులును పిన్నమ్మలును పిల్లను ఒడిలో పరుండబెట్టుకొని, పిన్నీసుతో గ్రుచ్చి, "చీము పోయిన మానిపోవును" అని పిండుచుందురు. పైకి వచ్చినది కొంచెమే. నొక్కినపుడు గుంటగోడ లోపల చిట్లి, చీమును జిడ్డును చర్మము లోపలిపొరలలోనికి దిగును. రెండునాళ్లలో మానవలసిన పొక్కు రెండు వారముల గడ్డయగును. మానిన తరువాత గుంట పడును. మనవంటి చామనచాయవారికి మఱియొక బాధ కలదు. వాపు తగ్గినచోట నల్లనిమచ్చ నిలిచి, మాసములకొలది పోదు. ముక్కునకును పైపెదవికిని నడుమనున్న చోటు మఱింత జాగ్రత్తపడవలసినది. అచ్చటి రక్తనాళములకు తలలోపలి నాళములతో సంబంధమున్నది గనుక, అచ్చటి గడ్డను పిండగా విషము లోపలికి ప్రాకి ప్రాణాపాయము కలుగుట అరుదుగా నైనను ఉన్నది. నా శిష్యుని చెంపలమీది గుంటలలో సగము చేతులు చేసినవే యని ఆతడే చెప్పెను. క్రొత్తగా గడ్డము వచ్చుచున్న పిల్లలు మొటిమలమీద కత్తిని ఒత్తి గీయరాదు. వెండ్రుకలను బాగుగా నానబెట్టి, అవి మొలచు దిక్కునకే తేలికగా గీయవలెను.

చేతుల తరువాత తోముట. మొటిమలు మురికివలన వచ్చుననుకొని, రోజునకు అయిదాఱుమారులు సబ్బుతో కడుగువారు కలరు. సున్నిపిండి పెట్టి బీరపీచుతో చర్మము ఎఱ్ఱబడువఱకు తోముదురు. తోమిన కొలది చర్మము రేగి వాపు హెచ్చునే కాని జిడ్డు ఆగదు. జిడ్డు ఊరునది లోపలినుండి గదా. ఉదయ మొకసారి, రాత్రి యొకసారి, చెమట పట్టునట్టి పని చేసినచో ఇంకొకసారి, ఘాటులేని సబ్బుతో, వ్రేలికొసలతో మెల్లగా కడిగి, మెత్తని గుడ్డతో అద్దుకొనిన చాలును. పండుగనాటి నలుగు వంటికి పెట్టుకొనవచ్చును. మొటిమలున్న ముఖమున రుద్దవలదు.

పైపూతలను గూర్చి ఊరికొక శాస్త్రమున్నది. నిమ్మరసము పూసి యెండలోనికి పోయిన పిల్లకు ముఖము కాలినట్లయి మచ్చలుపడుట చూచితిని. గడ్డలకు వేసినట్లు సున్నము వేయుట, వెల్లుల్లి నూరి పెట్టుట, పండ్లుతోము పేస్టు పూయుట, ఇవియన్నియు చర్మమును కాల్చునవే. పసుపు, వేప, చందనము అనువానియందు నాకు గౌరవమున్నది. పలుచగా పూసికొనిన పెద్ద హాని లేదు. కాని వీనినే నమ్మి, గడ్డలు కట్టుచున్న ముఖమును ఏడాదిపాటు వైద్యునికి చూపకుండుట తగదు.

తలనూనె సంగతి చెప్పిన మా యింటిలోనే నాకు మాట వచ్చును. నూనె కారునట్లు తలకు పట్టించి, నున్నగా దువ్విననే గాని పిల్లను బడికి పంపుట మన తల్లులకు మనసొప్పదు. ఆ నూనె ఎండకు కరగి నుదుటిమీదికి, కణతలమీదికి దిగును. 1970లో అమెరికాలో చర్మవైద్యులు, తలకు చిక్కని లేపనములు రాచుకొనువారికి నుదుటను కణతలయందును వరుసగా చిన్నచిన్న పొక్కులు వచ్చుటను గుర్తించి, దానికి లేపనపుమొటిమలని పేరు పెట్టిరి. మన కొబ్బరినూనెయు రోమకూపములను మూయు గుణము కలదే. నూనెను మానుమని నేననను. రాత్రి పడుకొనుటకు ముందు కాక, తలంటికి ముందు గంటసేపు పట్టించి కడిగివేయుడు, నుదుటికి అంటనీయకుడు, తలగడగుడ్డను వారమున కొకసారియైన ఉతుకుడు. నుదుటిమీదికి వెండ్రుకలు వ్రేలాడునట్లు కత్తిరించుకొనుట నేటి పిల్లల వేడుక. మొటిమలున్నంతకాలము వానిని వెనుకకు దువ్వుకొనుట మేలు. ముఖమునకు రాచుకొను చిక్కని క్రీములకును, దట్టమైన పూతలకును ఇదే మాట.

ఇప్పుడు చెప్పబోవునది అన్నిటికన్న ముఖ్యమైనది. ఇందులో తప్పు మఱల నాదే.

నా మనుమరాలికి పందొమ్మిదవయేట ముఖమున మొటిమలు మెండుగా వచ్చినవి. పెండ్లిచూపులకు ఒకరు వత్తుమని కబురు చేసిరి. ఇంటిలో ఆడువారి తొందర చూడలేక నేనే మందులకొట్టునకు పోయి, మొటిమలకు మంచి పూత యిమ్మంటిని. ఆతడు చీటి యడుగలేదు. నేను వైద్యుడెవరో చెప్పలేదు. చిన్న గొట్టము నొకదానిని చేతబెట్టి, "పదిరోజులలో తెల్లగా వచ్చును పంతులుగారూ" అనెను. అన్నట్లే అయినది. వారములో ఎఱుపు తగ్గెను, రెండవ వారమున ముఖము తేటపడి తెల్లనయ్యెను. ఇంటిల్లిపాదియు నన్ను మెచ్చుకొనిరి. చూపులకు వచ్చినవారు ఏ కారణముననో మఱల రాలేదు, గాని గొట్టము మాత్రము మానలేదు. ఆఱుమాసములు రాచుకొనెను. ఒకమారు గొట్టమైపోయి నాలుగుదినములు రాచుకొననందుకే ముఖము ఎఱ్ఱగా కాలినట్లయి, మంటపెట్టి, మునుపటికంటె రెండింతలుగా మొటిమలు పైకి వచ్చినవి. చెంపలమీద సన్నని ఎఱ్ఱనరములు, పెదవిపైన వెండ్రుకలు. "తాతయ్యా, మఱొక గొట్టము తెచ్చిపెట్టు" అని ఆ పిల్ల యేడ్చినది.

పట్టణమున చర్మవైద్యురాలికి చూపితిమి. ఆమె ఖాళీగొట్టమును వెలుతురున కెత్తి చదివి, నాకు చూపెను. క్లోబెటసోల్ అని సన్నని యక్షరములలో వ్రాసియున్నది. అది స్టిరాయిడు జాతి మందు. దురదగల చర్మరోగములలో కొన్నిటికి వైద్యుడు కొద్దిదినములు వాడించు ఘాటైన మందు అని ఆమె చెప్పగా, నేను "గజ్జితామరలకు మందేగదా" యంటిని. ఆమె నన్ను సరిదిద్దెను: తామర శిలీంధ్రమువలన కలుగునది, దానికిని స్టిరాయిడు తగదు, సోరియాసిసు, ఎగ్జిమా వంటి చర్మవ్యాధులకే తగును. ఇట్లు పేరుమోసిన పండితుడు ఒక పూటలో రెండు తప్పులు తెలిసికొనెను. స్టిరాయిడు వాపును తాత్కాలికముగా అణచును, చర్మమును తెల్లబఱచును, పలుచబఱచును. తానే క్రొత్తమొటిమలను పుట్టించును. మానగానే రోగము తిరుగబడును గనుక, రాచుకొనువారు మానలేరు. మా పిల్లకు ముఖము నిమ్మళించుటకు ఏడాదికి పైగా పట్టెను.

బీటామెథసోన్, క్లోబెటసోల్, మోమెటసోన్, ఫ్లూసినోలోన్, ఈ పేరులను మీ యింట చదువుకొన్న పిల్లచేత వ్రాయించి గోడకు అంటించుడు. ముఖమునకు రాచు గొట్టముమీద వీనిలో నేదైన కనబడినచో, వైద్యుడు చూచి వ్రాసినదైననే తప్ప ఉంచుకొనవలదు. 2018లో కేంద్రప్రభుత్వము స్టిరాయిడు పూతలను పలువానిని వైద్యుని చీటి లేనిదే అమ్మరాని మందుల పట్టికలో చేర్చినది. అట్టి మందులమీద ఎడమప్రక్క నిలువుగా ఎఱ్ఱనిగీత యుండును. అక్షరములు చదువలేనివారును గీతను పోల్చవచ్చును. ఇప్పటికే మాసములకొలది వాడుచున్నవారు మాత్రము భయపడి దానంతట మాని ఊరకుండక, గొట్టమును చేతబట్టుకొని వైద్యునియొద్దకు పోవలెను. పేరుచీటిలేని డబ్బాలలో అమ్ము తెల్లబఱచు క్రీములయందు పాదరసము సైతము కలియుచున్నది. 2023లో కేరళలోని మలప్పురము ప్రాంతమున అట్టి క్రీములు వాడినవారికి మూత్రపిండముల జబ్బు కలుగుటను వైద్యులు కనుగొనిరి. ముఖమున రాచినది మూత్రపిండమునకు తగులునని యెవరనుకొందురు?

ఆహారమును గూర్చి. "వేడిచేసినది" అనుటతో మన విచారణ ముగియును. మామిడిపండు, గ్రుడ్డు, వేరుసెనగ, కోడికూర, వరుసగా అన్నియు నేరస్థులే. మొటిమ కనబడుటకు వారములముందే దాని పుట్టుక మొదలైనదని చెప్పితిని గదా. నిన్న తిన్న పండుమీద నేడు నేరము మోపుట న్యాయము కాదు. పరిశోధనలలో కొంత బలముగా నిలిచినది తీపి సంగతి. 2002లో ప్రకటించిన యొక పరిశోధనలో పపువా న్యూగినీకి చెందిన కిటావా అను దీవిలో 1200 మందిని పరీక్షింపగా ఒక్కరికిని మొటిమ కానరాలేదు. వారి తిండి దుంపలు, పండ్లు, చేపలు, కొబ్బరి. చక్కెర, పిండివంటలు అరుదు. వారి వంశలక్షణమును ఇందు కొంత కారణము కావచ్చును. 2007లో ఆస్ట్రేలియాలో 15 మొదలు 25 ఏండ్ల యువకులు 43 మందిని రెండు జట్లుగా చేసి 12 వారములు చూచిరి. రక్తమున చక్కెరను తటాలున పెంచని ఆహారము తిన్న జట్టునకు మొటిమలు ఎక్కువగా తగ్గెను. కనుక సీసాలలోని తీపిపానీయములు, బిస్కట్లు, మైదాతినుబండారములు తగ్గించి, కంచములో తెల్లన్నము కొంత తగ్గించి పప్పు, సెనగలు, ఆకుకూరలు హెచ్చించుట మంచిదే. మొటిమలు లేనివానికిని మంచిదే. పాలకును మొటిమలకును కొంత సంబంధము కొన్ని పరిశోధనలలో కనబడినది గాని, పాలు మానిన మొటిమలు పోవునని స్థిరపడలేదు. వ్యాయామశాలలకు పోవు యువకులు త్రాగు పాలవిరుగుడు పొడులవలన మొటిమలు హెచ్చిన సందర్భములు మాత్రము కలవు.

ఇచ్చట నొక మనవి. మొటిమల భయముచేత ఆడపిల్లలు బడిలో మధ్యాహ్నభోజనమున నిచ్చు గ్రుడ్డును ప్రక్కవారికి పెట్టివేయుట నేను కన్నులార చూచితిని. గ్రుడ్డువలన మొటిమలు వచ్చుననుటకు ఆధారము లేదు. రక్తహీనతతో పాలిపోయిన పిల్లచేత గ్రుడ్డును పాలను మాన్పించి, మొటిమకు వైద్యము చేసితిమనుకొనకుడు. రక్తము చెడినదని కషాయములు, విరేచనములు పట్టించుటయు అనవసరము. మలబద్ధకమునకును దీనికిని సంబంధము లేదు.

చెమట, ఒరిపిడి వీనిని గూర్చి రెండే మాటలు. బండి నడుపునపుడు పెట్టుకొను శిరస్త్రాణపు పట్టీ, బిగుతైన తలగుడ్డ, ముఖమునకు కట్టు గుడ్డ ఒరయుచోట మొటిమలు రేగును. శిరస్త్రాణము మానవలదు; లోపలి మెత్తను శుభ్రపఱచుడు. చేలో పనిచేసివచ్చిన బనీనుతోనే పడుకొనిన వీపున మొటిమలు హెచ్చును.

ఇక మిగిలినది నాలుక. పేరంటమునకు వచ్చిన ప్రతివారును పిల్ల గడ్డము పట్టుకొని, "అయ్యో, ముఖమిట్లయినదేమే" అందురు. ప్రేమతోనే యందురు. "పెండ్లియైన పోవును లే" అని యొకరు కన్నుగీటుదురు. పెండ్లికిని మొటిమకును ఏ సంబంధమును లేదు. మనము రోజున కొకమారు అన్నమాట ఆ పిల్ల చెవికి పదిమార్లు పడును. మిక్కుటముగా మొటిమలున్న పిల్లలలో దిగులు, ఒంటరితనము, ఒక్కొక్కప్పుడు ప్రాణముమీద విరక్తి కలుగుట వైద్యు లెఱిగిన విషయము. అద్దము చూచుట మానిన పిల్ల, లేక దానియెదుటనుండి కదలని పిల్ల, బడికి పోనని మొండికెత్తు పిల్లవాడు, పెండ్లిండ్లకు రాననువాడు, వీరిని కనిపెట్టియుండుడు. మందలింపకుడు, వైద్యునియొద్దకు తోడుపొండు.

సంక్రాంతినాడు నా శిష్యునికి నేను చెప్పిన సమాధానము చెప్పెదను. "నీ కొడుకు తప్పేమియు చేయలేదురా. ఆనాడు నీవును చేయలేదు. తెలియని మాట చెప్పినది నేను" అంటిని. ఆతడు కొంతసేపు తలవంచుకొని యూరకుండెను. తరువాత, "మఱి వాడిని ఏ డాక్టరుకు చూపమందురు?" అని యడిగెను. ఆతనికి కావలసినది నా పశ్చాత్తాపము కాదు, ఆ ప్రశ్నకు జవాబు. మీకును అదియే కావలసియుండును.

చిన్నచిన్న పొక్కులు కొద్దిగా నున్నపుడు మీ ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుడే మందీయగలడు. గడ్డలు కట్టుచున్నను, గుంటలు పడుచున్నను, చర్మవైద్యునికి తప్పక చూపవలెను. జిల్లా ఆసుపత్రులయందు చర్మవ్యాధుల విభాగముండును. బెంజాయిల్ పెరాక్సైడ్ అను పూత సూక్ష్మజీవిని తగ్గించును. అది బట్టలకు తగిలిన రంగు పోవును గనుక పాతతువ్వాలు వాడుడు. అడాపలీన్ అనునది బిరడాలు కట్టనీయదు; రాత్రివేళ, ముఖమంతటను పలుచగా, శనగగింజంత మాత్రమే రాయవలెను, ఒక్కొక్క మొటిమమీద చుక్కగా పెట్టరాదు. మొదటి వారములలో ముఖము పొడిబారి కొంచెము మండును. అపుడు దినము విడిచి దినము రాయుడు. కడుపుతో నున్నవారు వైద్యుని అడుగక ఇట్టి పూతలు వాడరాదు. మ్రింగుడుమందులలో ఐసోట్రెటినాయిన్ మిక్కిలి బలమైనది, మొండిమొటిమలను సైతము మాన్పునది. కాని దానిని మ్రింగుచుండగా గర్భము వచ్చినచో శిశువునకు ఘోరమైన అంగవైకల్యము కలుగును. కనుక పెండ్లియైన ఆడుబిడ్డ ఆ సంగతి దాచక వైద్యునికి చెప్పవలెను. ఒకరికి వ్రాసిన మందు ఇంకొకరు మ్రింగకూడదు. యాంటీబయాటికులను కొట్టులో కొని నెలలతరబడి మ్రింగుటయు తగదు. సూక్ష్మజీవులు వానికి లొంగకుండ తేరుకొనును.

ఆడపిల్లకు మొటిమలతోపాటు ముట్టు క్రమము తప్పుట, గడ్డమున ముదురు వెండ్రుకలు వచ్చుట, ఒడలు లావెక్కుట కనబడినచో అండాశయముల సంబంధమైన లోపము కావచ్చును. దానిని వేఱుగా పరీక్షింపవలెను. క్షయకు, మూర్ఛకు వాడు మందులలో కొన్నింటివలన గూడ మొటిమలు వచ్చును. అందువలన ఆ మందులను మీయంతట మాన్పింపకుడు. క్షయమందు నడుమ మానుట మొటిమకంటె ఎన్నియో రెట్లు అపాయకరము. వైద్యునికి చెప్పిన చాలును.

ఏ మందైనను గుణము కనబడుటకు 8 మొదలు 12 వారములు పట్టును. బిరడాల సంగతి జ్ఞప్తియం దుంచుకొనుమంటిని గదా. నేడు రాచిన మందు ఇప్పుడు కనబడు మొటిమకు కాదు, చర్మములో దాగి రానున్నదానికి. పదిదినములలో పోలేదని మందు మార్చువారును, పదిదినములలో పోగొట్టెదనని చెప్పు కొట్టువానిని నమ్మువారును ఒకే గోతిలో పడుదురు. నేను పడితిని.

నా శిష్యుని కొడుకునకు మందు మొదలుపెట్టి నాలుగుమాసములైనది. మొదటి నెలలో మఱింత హెచ్చినవని తండ్రి రెండుమార్లు నాకు ఫోను చేసెను, మానవలదంటిని. నుదురు ఇప్పుడు తేటపడినది. గడ్డముమీద ఒకటి రెండు వచ్చుచు పోవుచున్నవి. చెంపలమీది నల్లమచ్చలు అట్లే యున్నవి. ఎండలో పోవునపుడు ముఖమునకు నీడ పట్టుకొనుచున్నచో అవియు మెల్లమెల్లగా వెలియునని, ఇంక కొన్ని మాసములు పట్టునని వైద్యులు చెప్పిరి. తండ్రిచెంపల గుంటలకును ఇప్పుడు చికిత్స కలదట. నాకెందుకులే మాష్టారూ యని ఆతడు నవ్వెను.